జాగ్ పాంజర్ ‘ది డీవియంట్ కార్డ్’: రెండుసార్లు ఆగి, మళ్లీ లేచిన బృందం గురించి చర్చ

పాత_క్యాసెట్టు:

విడిపోయి మళ్లీ కలిసిన మెటల్ బృందాల ప్రస్తావన ఇక్కడ ఎప్పుడు వచ్చినా మాట జర్మన్ బృందం హెలోవీన్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. అందుచేత ఈసారి అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి చెందిన జాగ్ పాంజర్ బృందాన్నీ, 2017లో స్టీమ్‌హ్యామర్ సంస్థ విడుదల చేసిన వారి ‘ది డీవియంట్ కార్డ్’ ఆల్బమ్‌నూ చర్చకు పెడుతున్నాను.

వీరి కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1981లో టైరంట్ అనే పేరుతో మొదలైన ఈ బృందం, కాలిఫోర్నియాలో అదే పేరుతో మరొక బృందం ఉండడంతో, ట్యాంకులను వేటాడే జర్మన్ యుద్ధ వాహనం పేరును కాస్త మార్చి పెట్టుకుంది. 1983లో ఒక చిన్న రికార్డు, 1984లో ‘యాంపిల్ డిస్ట్రక్షన్’ వచ్చాయి. అమెరికన్ పవర్ మెటల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈనాటికీ చాలామంది చేతికిచ్చే రికార్డు ఆ రెండోదే. ఆ తర్వాత గాయకుడు హ్యారీ కాంక్లిన్, లీడ్ గిటారిస్టు జోయీ టఫోలా ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. 1987లో వేరే గాయకుడితో రికార్డు చేసిన ఆల్బమ్ 2004 దాకా అధికారికంగా వెలుగు చూడలేదు. 1994లో ఇంకొక గాయకుడితో వచ్చిన ‘డిసిడెంట్ అలయన్స్’ అప్పటి గాలివాటానికి తలవంచి, పాత అభిమానులకు దూరమై, కొత్తవారికి చేరువ కాలేకపోయింది. 1997లో కాంక్లిన్, టఫోలా తిరిగివచ్చి ‘ది ఫోర్త్ జడ్జ్‌మెంట్’ చేశారు. అక్కడి నుంచి 2004 వరకు మంచి కాలం నడిచింది. 2011లో ‘ది స్కర్జ్ ఆఫ్ ది లైట్’ విడుదలైన ఏడాదే బృందం రద్దయింది. 2013లో మళ్లీ కలిశారు. ఆ కలయికకు ఫలితమే ఈ పది పాటల ఆల్బమ్.

మొదటిసారి తిరిగివచ్చిన బృందానికి శ్రోతల జాలి కొంత తోడుంటుంది. రెండోసారి వచ్చినవారికి అదీ ఉండదు, పాట నిలబడితేనే బృందం నిలబడుతుంది. నా లెక్కలో ఈ పదింటిలో ఆరేడు పాటలు గట్టిగా నిలబడ్డాయి. ‘బోర్న్ ఆఫ్ ది ఫ్లేమ్’, ‘ఫార్ బియాండ్ ఆల్ ఫియర్’, ఆఖరి పాట ‘డేర్’ ముందుగా వినవలసినవి. మీ అభిప్రాయాలు రాయండి.

హెలోవీన్_అభిమాని:

పాత_క్యాసెట్టు గారూ, నా పేరులోనే పక్షపాతం ఉంది కాబట్టి దాచడానికేమీ లేదు. ఈ ఆల్బమ్ విన్నాను. కాంక్లిన్ గొంతు బాగుంది, వాయిద్యం శుభ్రంగా ఉంది, అయినా 1984లో చెప్పిన మాటనే 2017లో మరింత మంచి మైకు ముందు చెప్పినట్టు అనిపించింది. తిరిగివచ్చిన బృందం తాను లేని కాలంలో ప్రపంచంలో ఏం జరిగిందో విన్నట్టు పాటలో ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా? జర్మనీకే చెందిన బ్లైండ్ గార్డియన్ బృందాన్ని చూడండి. వేగంతో మొదలుపెట్టి, గొంతుల పొరలు చేర్చి, వాద్యబృందం దాకా వెళ్లారు. జాగ్ పాంజర్ మాత్రం రెండు గిటార్లు, ఒక గొంతు, యుద్ధం అన్న పరిధిలోనే తిరుగుతోంది. పునరాగమనం అన్న మాట చాటున పాత సరుకునే అమ్మడం ఈ రంగంలో మామూలైపోయింది.

కొత్త_శ్రోత:

పెద్దలు మన్నించాలి. నేను పవర్ మెటల్ అంటే కీబోర్డులు, అతి వేగమైన డ్రమ్స్, అందరూ కలిసి పాడుకునే పల్లవులు అనుకుంటూ వచ్చాను. ఈ ఆల్బమ్‌లో ఆ లక్షణాలు అంతగా కనిపించలేదు. దీన్ని ఏ లెక్కన పవర్ మెటల్ అంటున్నారో ఎవరైనా వివరించగలరా?

స_ప_గిటారు:

కొత్త_శ్రోత గారి ప్రశ్నకు జవాబు చెబితే హెలోవీన్_అభిమాని గారి అభ్యంతరానికీ కొంత సమాధానం దొరుకుతుందని నాకనిపిస్తోంది.

ఈ పేరుతో రెండు వేర్వేరు పాయలు ఉన్నాయి. మీరు చెప్పిన లక్షణాలు యూరప్ పాయవి. హాంబుర్గ్‌కు చెందిన హెలోవీన్ 1987, 1988 సంవత్సరాల్లో రెండు భాగాలుగా తెచ్చిన ‘కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్’ ఆల్బమ్‌లు దానికి మూలం. అమెరికా పాయ అంతకు ముందే, 1980ల తొలినాళ్లలోనే మొదలైంది. జూడాస్ ప్రీస్ట్, ఐరన్ మెయిడెన్ బృందాల పద్ధతిని తీసుకుని, దానికి మరికాస్త వేగమూ బరువూ చీకటీ చేర్చినవారు వీరు. కొలరాడోలో జాగ్ పాంజర్, హ్యూస్టన్‌లో హెల్‌స్టార్, కాన్సస్‌లో మనిల్లా రోడ్, ఫ్లోరిడాలో సావటాజ్, కాలిఫోర్నియాలో విషస్ రూమర్స్ ఇలా ఒక్కో ఊళ్లో ఒక్కో బృందం పుట్టింది. ఉల్లాసం కంటే హెచ్చరిక ఎక్కువగా వినిపించే సంగీతమిది.

ఇక ఇందులో గొంతుకు అంత ప్రాధాన్యం ఎందుకో మన సంగీత పరిభాషలో చెబుతాను. మెటల్ గిటారిస్టు ఎక్కువగా వాయించే పవర్ కార్డ్‌లో (కలిపి మోగించే స్వరాల జంటలో) ఉండేవి షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే. గాంధారం (గ) ఉండదు. వక్రీకరించిన గిటార్ నాదంలో గాంధారం కలిపితే ధ్వని అలుక్కుపోతుంది కాబట్టి దాన్ని వదిలేశారు. దీనివల్ల గిటారు ఎంత గట్టిగా మోగినా, ఆ చోట భావం సంతోషమా విషాదమా అన్నది తేలదు. విషాదం పలికే సాధారణ గాంధారమా, సంతోషం పలికే అంతర గాంధారమా అని తేల్చేది గాయకుడు. రెండో గిటారు ఉంటే అదీ తేల్చగలదు: ఒకరు స రి గ అని పలికిస్తుంటే మరొకరు అదే సమయంలో గ మ ప అని పలికిస్తారు. ఐరన్ మెయిడెన్‌లో మనం ఇష్టపడే జోడు గిటార్ల మాధుర్యమంతా అదే. స్వరాలు ఎక్కువగా నఠభైరవి రాగానివి, అక్కడక్కడ నిషాదం (ని) పెరిగితే కీరవాణి రాగానివి.

ఈ దృష్టితో ‘డీవియంట్ కార్డ్’ వినండి. మార్క్ బ్రయొడి రిథమ్ గిటారు గాంధారం లేని ఆ ఖాళీని చాలాసేపు ఖాళీగానే ఉంచుతుంది, కాంక్లిన్ దాన్ని తన ఇష్టం వచ్చినట్టు నింపుతాడు. కీబోర్డు తెచ్చి ఆ ఖాళీని ముందే నింపేస్తే ఈ గాయకుడికి పనే ఉండదు. హెలోవీన్_అభిమాని గారూ, మీరు పరిధి అన్నదాన్ని నేను గాయకుడి కోసం కావాలని వదిలిన జాగా అంటాను.

డబుల్_బేస్:

స_ప_గిటారు గారు స్వరం సంగతి చెప్పారు కనుక లయ సంగతి నేను చెబుతాను. నేను మృదంగం కొన్నేళ్లు నేర్చుకుని డ్రమ్స్‌కు మారినవాణ్ణి.

ఈ సంగీతానికి ప్రాణం గుర్రపు పరుగు నడక. ఒక అక్షరకాలాన్ని నాలుగు మాత్రలుగా విడదీస్తే, మొదటి దెబ్బకు రెండు మాత్రలు, తర్వాతి రెండు దెబ్బలకు ఒక్కొక్కటి: తా, కి ట, తా, కి ట. గిటారిస్టు కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి, నాదాన్ని సగం నొక్కిపెట్టి ఈ నడకను మీటుతాడు. యూరప్ పాయలో డ్రమ్మర్ రెండు పాదాలతో నాలుగు మాత్రలనూ సమంగా నింపేస్తాడు కాబట్టి పాట జారిపోతున్నట్టు సాగుతుంది. అమెరికా పాయలో ఆ ‘తా’ దగ్గర ఊపిరి పీల్చుకునే ఖాళీ మిగులుతుంది, అక్కడే బరువు పుడుతుంది. రికర్డ్ స్టెర్న్‌క్విస్ట్ ఈ బృందంలో చాలాకాలంగా ఉన్న డ్రమ్మర్. పాదాల వేగం అతనికి ఉంది, కానీ ప్రదర్శించాలన్న తొందర లేదు. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ నిగ్రహమే.

నచ్చనిది కూడా చెప్పాలి. డ్రమ్స్ ధ్వని ఈ కాలపు పద్ధతిలో ప్రతి దెబ్బా ఒకే బలంతో, ఒకే మెరుపుతో వినిపిస్తుంది. ‘యాంపిల్ డిస్ట్రక్షన్’ ధ్వని పలచగా, గుహలోంచి వచ్చినట్టు ఉన్నప్పటికీ, అక్కడ ఒక మనిషి ఒక గదిలో కూర్చుని వాయిస్తున్నాడని తెలిసేది.

కొలరాడో_తెలుగు:

నేను డెన్వర్ పరిసరాల్లో ఉంటున్నాను. కొలరాడో స్ప్రింగ్స్ మాకు దక్షిణంగా, కారులో గంటకు పైబడిన దూరం. ఊరికి పడమట 4,300 మీటర్ల ఎత్తున పైక్స్ పీక్ కనబడుతుంది. పక్కనే అమెరికా వైమానిక దళ అకాడమీ, ఫోర్ట్ కార్సన్ సైనిక స్థావరం, కొండ కడుపులో తొలిచిన షయాన్ మౌంటెన్ రక్షణ కేంద్రం ఉన్నాయి. 1980ల మొదట్లో, అణుయుద్ధ భయం నిత్యవార్తగా ఉన్న కాలంలో, అలాంటి ఊళ్లో పెరిగిన కుర్రాళ్లు ట్యాంకు పేరు పెట్టుకుని ‘వార్‌ఫేర్’ అనే పాట రాయడంలో నాకు వింతేమీ కనిపించదు. వాళ్ల ఉద్దేశం అదేనని నేను అనడం లేదు. ఊరు చూసినవాడిగా నాకు తోచిన సంగతి మాత్రమే ఇది.

ఈ బృందం ఇక్కడిదేనని ఇక్కడివారిలోనే చాలామందికి తెలియదు. వీరికి గట్టి అభిమానులు జర్మనీలో ఉన్నారు. లౌడా-క్యోనిగ్స్‌హోఫెన్ అనే చిన్న ఊళ్లో 2003 నుంచి జరుగుతున్న కీప్ ఇట్ ట్రూ మెటల్ సంగీత ఉత్సవం వంటివి లేకపోతే, 1980ల నాటి బృందాల్లో సగానికి మళ్లీ తీగలు బిగించే కారణమే దొరికేది కాదేమో. సొంత ఊళ్లో అనామకులు, పరాయి దేశంలో ఆరాధ్యులు.

మరొక విశేషం. 1997 తర్వాత టఫోలా స్థానంలోకి వచ్చిన క్రిస్ బ్రోడరిక్ డెన్వర్ విశ్వవిద్యాలయంలో శాస్త్రీయ గిటారు చదివినవాడు. 2008లో పేరుమోసిన అమెరికన్ మెటల్ బృందం మెగాడెత్‌లో చేరాడు. ఆ ఏడాది మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెగాడెత్‌ను చూసినవారు ఈ వేదికలో కొందరున్నారు. వారంతా తమకు తెలియకుండానే ఒక జాగ్ పాంజర్ గిటారిస్టును విన్నారు.

పాత_క్యాసెట్టు:

కొలరాడో_తెలుగు గారూ, ఆ బెంగళూరు గుంపులో నేనూ ఉన్నాను. రాయచూరు మీదుగా రాత్రి బస్సులో వెళ్లిన మా జట్టులో బ్రోడరిక్ ఎవరో తెలిసినవాడు ఒక్కడూ లేడు. పాత గిటారిస్టు వెళ్లిపోయాడన్న దిగులే అందరికీ.

బ్రోడరిక్ కాలంలోని రికార్డుల్లో 2000 నాటి ‘థేన్ టు ది థ్రోన్’ను మించినది లేదని నా నమ్మకం. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకాన్ని మొదటి నుంచి చివరి దాకా పాటల్లో నడిపించారు. హత్య చేసిన రాజు భయమూ, అతని భార్య మతిభ్రమణమూ, మంత్రగత్తెల జోస్యమూ ఒకే గాయకుడి గొంతులో మారుతూ పోతాయి. వారు లేని కాలంలో ప్రపంచంలో ఏం జరిగిందో విన్నట్టు కనిపించాలని హెలోవీన్_అభిమాని గారు కోరారు కదా, ఈ బృందం ఒకసారి విని చూసింది. అదే 1994 నాటి ఆల్బమ్. దాని ఫలితమేమిటో అందరికీ తెలిసిందే. ‘ది ఫోర్త్ జడ్జ్‌మెంట్’ వచ్చిన 1997లోనే స్వీడన్ నుంచి హ్యామర్‌ఫాల్ మొదటి ఆల్బమ్, ఇటలీ నుంచి రాప్సొడి మొదటి ఆల్బమ్ వచ్చాయి. అంటే వీరు ఫ్యాషన్‌ను వెంటాడడం మానేసిన మూడేళ్లకు ఫ్యాషనే పాత మెటల్ వైపు తిరిగింది.

హెలోవీన్_అభిమాని:

1994 ఉదాహరణ నా వాదానికి జవాబు కాదు. మార్పు చెడ్డగా చేశారు కాబట్టి మార్పే వద్దనడం ఎలా కుదురుతుంది? అదీగాక, మీరు మెచ్చుకున్న ‘థేన్ టు ది థ్రోన్’ మార్పు కాదా? కథ పట్టుకున్నారు, నడకలు మార్చారు, శాస్త్రీయ గిటారు తెచ్చారు. ఆ సాహసం 2017లో ఏదీ? ఉన్న ఒకే ఒక్క ప్రయోగం ‘ఫాగీ డ్యూ’. ఒక ఐరిష్ జానపద గీతానికి మెటల్ చొక్కా తొడగడం ఎన్ని బృందాలు చేయలేదు?

స_ప_గిటారు:

‘ఫాగీ డ్యూ’ విషయంలో నేను మీతో విభేదిస్తున్నాను. ఈ ఆల్బమ్‌లో ఆ పాట ఉండవలసిన చోటే ఉంది.

అది 1916 ఈస్టర్ సమయంలో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటు గురించిన గీతం. చార్ల్స్ ఓనీల్ అనే మతగురువు రాశాడంటారు. అందులోని బాధ విచిత్రమైనది: ఐర్లండ్ యువకులు వేల సంఖ్యలో బ్రిటిష్ సైన్యంలో చేరి ఎక్కడో పరాయి నేల మీద చనిపోతున్నారు, అదే చావు సొంత నేల కోసం వచ్చి ఉంటే ఎంత గౌరవంగా ఉండేదని కవి బాధపడతాడు. మనకు ఇందులో ఒక దగ్గరి లంకె కూడా ఉంది. మన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదువుకున్నారు, ఆ తిరుగుబాటు తర్వాతి పరిణామాల్లో ఆయన ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది.

1984లో యుద్ధాన్ని కేవలం ఉరుకుగా, కేకగా పాడిన గాయకుడు, ముప్పై ఏళ్లు దాటాక, యుద్ధంలో ఎవరి కోసం చస్తున్నామని అడిగే పాటను ఎంచుకున్నాడు. గొంతును తార స్థాయికి తీసుకుపోగలిగినవాడు, ఇక్కడ కథ చెప్పడానికి మధ్య స్థాయిలోనే ఎక్కువసేపు నిలబడ్డాడు. మీరు మార్పు అడిగారు, మార్పు ఇక్కడుంది. వాయిద్యాల్లో వెతికితే దొరకదు.

కొత్త_శ్రోత:

మీ మాటలు చదివాక ‘యాంపిల్ డిస్ట్రక్షన్’, ‘డీవియంట్ కార్డ్’ ఒకదాని వెంట ఒకటి విన్నాను. మొదటిదాంట్లో ‘ది క్రూసిఫిక్స్’ అనే ఆఖరి పాట నెమ్మదిగా మొదలై ఒళ్లు జలదరింపజేసింది. ఆ స్థాయి పాట రెండోదాంట్లో నాకు దొరకలేదు. అయితే గొంతు మాత్రం ఒకే మనిషిదని నమ్మడానికి ఇబ్బందేమీ కలగలేదు, అదే ఆశ్చర్యం. ‘లాంగ్ అవేటెడ్ కిస్’ నాకు అతికినట్టు లేదు.

డబుల్_బేస్:

‘లాంగ్ అవేటెడ్ కిస్’ను నేను దాటవేస్తాను, ఆ విషయంలో వాదించను.

గొంతు సంగతికి వస్తే, కాంక్లిన్ జాగ్ పాంజర్ ఆగిపోయిన కాలాల్లో ఇంట్లో కూర్చున్నవాడు కాదు. టైటన్ ఫోర్స్‌లో పాడాడు, సేటన్స్ హోస్ట్‌లో పాడాడు, 2019లో రిప్పర్ ఓవెన్స్, షాన్ పెక్‌లతో కలిసి త్రీ ట్రెమర్స్ పేరున ముగ్గురు గాయకుల ఆల్బమ్ చేశాడు. రోజూ సాధకం చేసే గొంతుకు వయసు మెల్లగా వస్తుంది. తిరిగివచ్చే బృందాల్లో ఎక్కువ శాతం దెబ్బతినేది గాయకుడి దగ్గరే. గిటారిస్టుకు పదేళ్ల విరామం తర్వాత వేళ్లు ఆరు నెలల్లో తిరిగి వస్తాయేమో గానీ, పోయిన పై స్థాయి తిరిగి రావడం చాలా అరుదు.

పాత_క్యాసెట్టు:

ఈ కోణంలో పోల్చదగిన బృందం ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన సేటన్. 1983లో ‘కోర్ట్ ఇన్ ది యాక్ట్’ చేసిన అదే ఐదుగురు, 2013లో ‘లైఫ్ సెంటెన్స్’ చేశారు. అక్కడ కూడా గొంతు నిలిచింది. కానీ ఒక తేడా ఉంది. సేటన్ గిటార్లు 1983 కంటే చిక్కటి అల్లికతో తిరిగివచ్చాయి, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పలుకు) మీద రిఫ్ పేర్చారు. జాగ్ పాంజర్ అందుకు ఎదురుదారిలో, ఉన్నదాన్ని ఇంకా తేటపరచుకుంటూ వెళ్లింది. ఏది గొప్పదని అడిగితే, ఆల్బమ్‌గా ‘లైఫ్ సెంటెన్స్’ అని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. పాటగా మాత్రం ‘డేర్’ను దానిలోని దేనితోనైనా పోటీకి నిలబెడతాను.

హెలోవీన్_అభిమాని:

స_ప_గిటారు గారు చెప్పిన తర్వాత ‘ఫాగీ డ్యూ’ను సాహిత్యం ఎదురుగా పెట్టుకుని మళ్లీ విన్నాను. పాట ఎంపికకు కారణం ఉందని ఒప్పుకుంటాను. ఆల్బమ్ మొత్తానికి అదే స్థాయి ఆలోచన ఉందని మాత్రం ఒప్పుకోను. ‘సలేషస్ బిహేవియర్’ వంటి పాటకు ఈ వాదం వర్తించదు. అది 1986లో ఎవరైనా రాయగల పాట.

కొలరాడో_తెలుగు:

ఆ పాట విషయంలో మీదే న్యాయం.

మీరు కోరిన సాహసం ఆ తర్వాతి ఆల్బమ్‌లో ఉంది. 2023లో అటామిక్ ఫైర్ సంస్థ తెచ్చిన ‘ది హాలోడ్’ మళ్లీ మొదటి నుంచి చివరి దాకా ఒకే కథ. నాశనమైన ప్రపంచంలో బతికి బయటపడ్డవారి ప్రయాణం, దానికి తోడు ఒక బొమ్మల కథ కూడా వెలువరించారు. టఫోలా మళ్లీ వెళ్లిపోయాడు, అతని స్థానంలో కెన్ రొడార్టె వాయించాడు. కాబట్టి ‘డీవియంట్ కార్డ్’ను విడిగా కాక, తిరిగి కూడిన బృందం ముందు శ్రుతి సరిచూసుకుని తర్వాత కచేరీకి దిగిన క్రమంలో చూడాలని నా మనవి.

స_ప_గిటారు:

‘ది హాలోడ్’లో కథ బలంగా ఉన్న మాట నిజమే. అయితే టఫోలా లేని లోటు నాకు స్పష్టంగా వినిపిస్తుంది. టఫోలా 1987లో ష్రాప్నెల్ సంస్థకు సొంత వాద్య ఆల్బమ్ చేసినవాడు. ఆ సంస్థ పేరు చెప్పగానే స్వరాల వర్షం గుర్తొస్తుంది. అలాంటివాడు ‘డీవియంట్ కార్డ్’ సోలోల్లో వేగానికి ముందు ఒక చిన్న రాగపు ముక్కను పలికించి, ఆ ముక్కనే వేగంలోకి విడదీస్తాడు. పాట నుంచి పుట్టిన సోలోకూ, పాట మధ్యలో అతికించిన సోలోకూ తేడా అక్కడ తెలుస్తుంది. కొత్తగా గిటారు నేర్చుకుంటున్నవారు ‘ఫార్ బియాండ్ ఆల్ ఫియర్’ను వేగం తగ్గించి, ఒక్కొక్క వాక్యంగా వాయించి చూడండి.

కొత్త_శ్రోత:

చివరిగా ఒక ప్రశ్న. నా వంటివాడు ఈ బృందాన్ని ఏ వరుసలో వినాలి?

పాత_క్యాసెట్టు:

‘యాంపిల్ డిస్ట్రక్షన్’ మీరు ఇప్పటికే విన్నారు కనుక, తర్వాత ‘ది ఫోర్త్ జడ్జ్‌మెంట్’, దాని వెంటనే ‘థేన్ టు ది థ్రోన్’ వినండి. ‘మాక్‌బెత్’ కథ ముందుగా ఒకసారి చదువుకుంటే ఆ ఆల్బమ్ రెట్టింపు రుచిస్తుంది. అక్కడి నుంచి నేరుగా 2017కు రండి. 1994 నాటిది ఆఖర్న, అదీ కుతూహలం ఉంటేనే.

డబుల్_బేస్:

1994 నాటిది కూడా వినమనే నేను చెబుతాను, కనీసం రెండు పాటలు. డ్రమ్స్ అందులో బాగున్నాయి.